యూరియా బస్తాకు చిల్లు ఎక్కడ పడుతోంది?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు: పేడ, కోళ్ల పెంట, వంటింటి వ్యర్థాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వాసన గురించే. కంపోస్టు డ్రమ్ము దగ్గర ముక్కుకు తగిలే ఘాటు, తబేలా దగ్గర కళ్లు మండించే ఘాటు, కోళ్ల షెడ్డులో ఊపిరాడనివ్వని ఘాటు మూడూ ఒకటే. అది అమ్మోనియా, అంటే గాలిలో కలిసిపోతున్న నత్రజని. భాస్వరం, పొటాష్ గాలిలోకి ఎగిరిపోవు, వాననీటితో కొట్టుకుపోతాయి. నత్రజని మాత్రం గాలికీ పోతుంది, నీటికీ పోతుంది. ఈ తేడా గుర్తుంటే కింది జవాబులు సులువుగా అర్థమవుతాయి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో 60 ఫ్లాట్లు ఉన్నాయి. తడి చెత్తతో కంపోస్టు చేద్దామని 200 లీటర్ల డ్రమ్ములు నాలుగు పెట్టాం. పది రోజులకే కళ్లు మండే వాసన మొదలైంది. సున్నం చల్లితే ఇంకా ఎక్కువైంది. కింది అంతస్తు వాళ్లు తీసేయమంటున్నారు. – నిజాంపేట

ముందు సున్నం ఆపేయండి. చెత్తలోని తడిలో అమ్మోనియా అమ్మోనియం రూపంలో కరిగి ఉంటుంది. సున్నం పడితే ఆ తడికి క్షారగుణం పెరిగి, కరిగి ఉన్నదంతా వాయువై బయటికొస్తుంది. వాసన ఎక్కువైంది అందుకే. బూడిద చల్లినా ఇదే జరుగుతుంది.

ఇక లెక్కకు వద్దాం. ఫ్లాటుకు అర కిలో చొప్పున రోజుకు 30 కిలోల తడి చెత్త అనుకుందాం. అందులో ముప్పాతిక వంతు నీరే. మిగిలిన ఏడున్నర కిలోల పొడి పదార్థంలో నత్రజని సుమారు 190 గ్రాములు. ఏడాదికి 69 కిలోలు, అంటే 45 కిలోల యూరియా బస్తాలు మూడుకు పైగా. మీ డ్రమ్ముల దగ్గర వాసన వస్తోందంటే ఆ బస్తాలకు చిల్లు పడిందని అర్థం.

చిల్లు పూడ్చేది ఎండుటాకులు. సూక్ష్మజీవులకు ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్లు కర్బనం కావాలి. వంటింటి చెత్తలో ఉండేది 18 పాళ్లే. కర్బనం చాలక మిగిలిన నత్రజనిని అవి వదిలేస్తాయి. 30 కిలోల చెత్తకు 10 కిలోల ఎండుటాకులు కలిపితే లెక్క 27 దగ్గరికి వస్తుంది, తేమ కూడా 60 శాతానికి దిగుతుంది. పది కిలోల ఆకులంటే చూడ్డానికి చాలా ఎక్కువ, కూరకపోతే రెండు మూడు గోనె సంచులు. చాలా చోట్ల గుప్పెడు ఆకులు పైన చల్లి వేశాం అనుకుంటారు, అది చాలదు. మన హైదరాబాద్‌లో జనవరి నుంచి మార్చి దాకా రావి, వేప, పెల్టోఫోరం ఆకులు రాలుతాయి. వాటిని తగలబెట్టనివ్వకుండా సంచుల్లో ఎత్తి షెడ్డులో దాచుకోండి, అదే మీ ఏడాది సరుకు. ఆకులు అందకపోతే రంపపు పొట్టు వాడొచ్చు గానీ, దానిలో కర్బనం మరీ ఎక్కువ, గాలి ఆడదు, అందుకే మూడు నాలుగు కిలోలకు మించకూడదు.

రెండో తప్పు డ్రమ్ముల సంఖ్యలో ఉంది. ఆకులతో కలిపి రోజుకు 110 లీటర్లకు పైగా పోగవుతుంది. వారంలో అది సగానికి కుంగినా, నెల రోజులు నిలవాలంటే దాదాపు 1,800 లీటర్ల చోటు కావాలి. అంటే అలాంటి డ్రమ్ములు తొమ్మిది పది. మీవి నాలుగే కాబట్టి సగం కుళ్లిన దాని మీదే కొత్తది కుక్కుతున్నారు. డ్రమ్ములు కొనే కన్నా వెల్డింగు మెష్‌తో నాలుగడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గూళ్లు మూడు కట్టించుకోండి. ఒక్కోదానిలో 1,800 లీటర్లు పడుతుంది, నాలుగు వైపులా గాలి ఆడుతుంది, ఘనపు మీటరుకు పైనున్న కుప్ప కాబట్టి వేడీ నిలుస్తుంది. ఒకటి నింపుతుంటే ఒకటి మాగుతుంది, మూడోది తవ్వుకోవచ్చు.

నిత్యం చేయాల్సిన పని ఇది: అడుగున ఒక అడుగు మందాన ఎండు కొమ్మలు. దాని మీద ఆకులు, చెత్త కలిపి వేసి, పైన రెండంగుళాల మందాన పాత కంపోస్టు కప్పండి. తడిగా ఉన్న పాత కంపోస్టు లేచే అమ్మోనియాను పట్టుకుంటుంది. మూడో రోజుకు మధ్యలో వేడి 55 నుంచి 65 డిగ్రీలు చేరాలి. వారానికి రెండుసార్లు తిరగేయండి. పిడికిట పట్టి గట్టిగా పిండితే వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనబడాలి. ధారగా కారితే ఆకులు చాల్లేదు, అసలు తడే అంటకపోతే నీళ్లు చల్లాలి. కుళ్లిన గుడ్డు వాసనో, పుల్లటి వాసనో వస్తే అది అమ్మోనియా సమస్య కాదు, గాలి ఆడటం లేదు. అప్పుడు ఆకులు కలిపినంత మాత్రాన సరిపోదు, కుప్పను తిరగేయాలి.

వేడి తగ్గాక మరో నెల నీడన మాగనివ్వండి. తయారైందో లేదో పెసలు చెబుతాయి. ఒక పాలు కంపోస్టు, మూడు పాళ్లు మట్టి కలిపి 20 పెసలు వేయండి, పక్కన ఉత్త మట్టిలో మరో 20. మొలకలు రెండింటా సమానంగా వస్తే వాడుకోవచ్చు. కంపోస్టులో వేసినవి తక్కువ మొలిచినా, ఆకుల అంచులు మాడినా ఇంకా మాగాలి, లేదా ఉప్పు ఎక్కువుంది. కూరలు, పచ్చళ్లు, సాంబారు మిగుళ్ల ఉప్పంతా ఇందులోనే చేరుతుంది మరి. అమ్మే ఆలోచన ఉంటే 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోని సిటీ కంపోస్టు ప్రమాణాలు చూసుకోవాలి. నత్రజని కనీసం 0.8 శాతం, భాస్వరం, పొటాష్ చెరో 0.4 శాతం, కర్బన నత్రజని నిష్పత్తి 20 లోపు ఉండాలి.

ఒక్క రోజులో కంపోస్టు అని చెప్పి అమ్మే యంత్రాల గురించీ అడిగారు. వాటిలో చాలా వరకు చెత్తను వేడి చేసి ఎండబెట్టి పొడి చేస్తాయంతే. నల్లగా పొడిపొడిగా వచ్చినంత మాత్రాన అది ఎరువు కాదు. కుండీలో వేసి తడిపిన మూడో రోజు బూజు పట్టి కుళ్లడం అక్కడ మొదలవుతుంది, ఆ కుళ్లు మొక్క వేళ్ల దగ్గర జరుగుతుంది.

ప్రశ్న: పన్నెండు గేదెల తబేలా. పేడ కుప్పేసి ఏడాదికోసారి పొలానికి తోలుతున్నాం. మూత్రం కాలువలోకి పోతోంది. పొయ్యి బూడిద కూడా కుప్ప మీదే వేస్తాం. ఎరువులో బలం లేదంటున్నారు. – ఘట్‌కేసర్

బలం కాలువలో పోతోంది. గేదెకు 15 కిలోల చొప్పున రోజుకు 180 కిలోల పేడ, అందులో నత్రజని 700 గ్రాములు. మూత్రం రోజుకు వంద లీటర్ల పైమాటే, దానిలో నత్రజని 800 గ్రాములకు తక్కువుండదు. పశువు తిన్న మేతలోని భాస్వరం పేడలోకి వస్తే, పొటాష్‌లో ఎక్కువ భాగం మూత్రంలోకే వస్తుంది. పేడ ఒక్కటే ఎత్తుతున్నారంటే సగం ఎరువే ఎత్తుతున్నట్టు.

మూత్రంలో నత్రజని యూరియా రూపంలో ఉంటుంది. పేడలో ఉండే యూరియేజ్ అనే ఎంజైము తగలగానే అది గంటల్లోనే అమ్మోనియాగా మారడం మొదలవుతుంది. అందుకే రెండు పనులు ఆలస్యం చేయకూడదు. ఒకటి, నేల వాలు. గేదెల వెనక వైపు 40 అడుగులకు ఒక అడుగు వాలుతో నేల పోయించి, చివర కాలువ, దాని కొసన మూత ఉన్న తొట్టి. రెండు, పక్క, అంటే గేదెల కింద పరిచే గడ్డి. గేదెకు మూడు కిలోల పనికిరాని వరిగడ్డి, మేయక వదిలేసిన చొప్ప సాయంత్రం వెనక కాళ్ల దగ్గర పరవండి. గడ్డి తన బరువుకు రెండు మూడింతల మూత్రం పీల్చుకుంటుంది. తెల్లవారి పేడతో పాటే ఎత్తేయండి.

బూడిద కుప్ప మీద వేయకండి, కారణం పైన సున్నం దగ్గర చెప్పాం. అందులోని పొటాష్ విలువైనదే, దాన్ని విడిగా దాచి దుక్కిలో నేరుగా చల్లుకోండి. దాని బదులు గేదెకు అర కిలో లెక్కన సింగిల్ సూపర్ ఫాస్ఫేటు పేడ ఎత్తాక కాలువలో, కుప్ప మీద చల్లితే మేలు. అందులో ఉండే జిప్సం అమ్మోనియాను అమ్మోనియం సల్ఫేటుగా కట్టేస్తుంది, భాస్వరమూ కలుస్తుంది. పశువులు నాకే చోట మాత్రం పడనివ్వకండి.

కుప్పకు బదులు గుంత తవ్వండి. 20 అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మూడడుగుల లోతు. ఒకేసారి గుంతంతా పలచగా పరవడం అందరూ చేసే తప్పు. ఒక కొసన మూడడుగుల మేర నింపి, నేల మట్టానికి అడుగున్నర పైదాకా వచ్చాక పేడ, మట్టి కలిపి రెండంగుళాల మందాన అలికేసి, తర్వాతి మూడడుగులకు వెళ్లాలి. అలికిన చోట ఎండ తగలదు, వాన దిగదు, అమ్మోనియా లేవదు. మీ పన్నెండు గేదెలకు గుంత దాదాపు నలభై రోజులకు నిండుతుంది. నాలుగు గుంతలుంటే నాలుగోది నిండేసరికి మొదటిది నాలుగు నెలలు మాగి తవ్వడానికి సిద్ధంగా ఉంటుంది. పొలంలో కుప్పలు పోసి వారాల తరబడి వదిలేస్తే ఇంత కష్టమూ వృథా. తోలిన రోజే చల్లి, ఆ రోజే దున్నండి.

ప్రశ్న: మా హాస్టల్ మెస్‌లో బయోగ్యాస్ ట్యాంకు 2,000 లీటర్లది. రోజుకు 20 కిలోల అన్నం, కూరల మిగులు వేస్తాం. నెల రోజులు మంట బాగా వచ్చింది. ఇప్పుడు గ్యాస్ వస్తోంది గానీ అంటుకోవడం లేదు, స్లర్రీ పుల్లటి వాసన. – దిల్‌సుఖ్‌నగర్

ట్యాంకు పులిసిపోయింది. అన్నాన్ని ఆమ్లాలుగా మార్చే సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి, ఆ ఆమ్లాలను తిని మీథేన్ ఇచ్చేవి నిదానంగా పెరుగుతాయి. మొదటివి తయారు చేసినంత రెండోవి తినలేకపోతే పీహెచ్ (పులుపు, క్షారగుణాల కొలత) పడిపోతుంది, వచ్చేది బొగ్గుపులుసు వాయువే. అది అంటుకోదు.

ఇప్పుడు ట్యాంకుకు మేత, అంటే రోజూ వేసే మిగులు, పూర్తిగా ఆపండి. మందుల షాపులో దొరికే పీహెచ్ కాగితంతో రోజూ చూడండి. 6.5 కన్నా తక్కువుంటే వెయ్యి లీటర్ల ద్రవానికి కిలో చొప్పున వంట సోడాను నీళ్లలో కరిగించి మూడు రోజుల్లో విడతలుగా పోయండి. సున్నం ఒక్కసారి కుమ్మరిస్తే పీహెచ్ ఉన్నపళంగా పైకెగిరి ఉన్న జీవులు కూడా చస్తాయి. బాగా పనిచేస్తున్న గోబర్ గ్యాస్ ప్లాంటు నుంచి 200 లీటర్ల స్లర్రీ తెచ్చి కలిపితే త్వరగా కోలుకుంటుంది. మంట నీలంగా తిరిగొచ్చాక నాలుగో వంతు మేతతో మొదలుపెట్టి, వారానికి కొంచెం పెంచండి.

మీ ట్యాంకుకు 20 కిలోలు ఎక్కువ. వెయ్యి లీటర్లకు ఐదారు కిలోలే భద్రం, అంటే మీకు 10 నుంచి 12 కిలోలు. అన్నం ముద్దలను మిక్సీలోనో, గ్రైండరులోనో నీళ్లతో జారుగా చేసి పోయాలి. నిమ్మ, బత్తాయి తొక్కలు, ఎముకలు, గుడ్డు పెంకులు, వేపుడు నూనె వద్దు. వారానికోసారి ఒక బకెట్ పచ్చి పేడ వేయండి, మెస్ మిగుళ్లలో కొరతగా ఉండే సూక్ష్మ ఖనిజాలు దానితో అందుతాయి. పది కిలోల ఆహార వ్యర్థం నుంచి సుమారు ఒక ఘనపు మీటరు గ్యాస్ ఆశించవచ్చు, అది 430 గ్రాముల వంట గ్యాస్‌కు సమానం.

స్లర్రీని మోరీలో వదులుతున్నామని రాశారు. దయచేసి అలా చేయకండి. గ్యాస్‌గా పోయేది కర్బనమే, మేతలోని నత్రజని, భాస్వరం, పొటాష్ దాదాపు మొత్తం స్లర్రీలోనే మిగులుతాయి. పైగా నత్రజనిలో మంచి భాగం మొక్క వెంటనే తీసుకోగల అమ్మోనియంగా మారి ఉంటుంది. అదే కారణంగా దాన్ని ఎండలో ఆరబెడితే ఆ భాగమంతా గాలికి పోతుంది. మూత పెట్టి నిల్వ చేసి, ఒకటికి నాలుగు పాళ్లు నీళ్లు కలిపి సాయంత్రం పూట మొదళ్ల దగ్గర చిన్న గాడి తీసి పోసి మట్టి కప్పండి. బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో ఐఐసీటీ (భారత రసాయన సాంకేతిక సంస్థ) సాంకేతికతతో నడిచే ప్లాంటు రోజుకు 10 టన్నుల వ్యర్థాలకు రూపొందించినది. సుమారు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల గ్యాస్ ఇస్తుందని అందరూ చెప్పుకుంటారు. దాని నుంచి ఎరువు కూడా వస్తుందన్న మాట తక్కువగా వినిపిస్తుంది, మా దృష్టిలో అది గ్యాస్‌కు తీసిపోయేది కాదు.

ప్రశ్న: డెయిరీ బయోగ్యాస్ స్లర్రీ పంపు చేసే రెండంగుళాల పైపులో తెల్లని రాయి లాంటిది పేరుకుంటోంది. మలుపుల దగ్గర ఎక్కువ. అదేమిటి? – శంషాబాద్

రెండు రకాలు కావచ్చు. చిటికెడు గీకి, గాజు గ్లాసులో నిమ్మ ఉప్పు నీళ్లు పోసి వేయండి. బుసబుసా నురగ వస్తే అది బోరు నీటిలోని సున్నపు గార. నురగ లేకుండా నెమ్మదిగా కరిగిపోతే చాలా మటుకు స్ట్రువైట్. ఖాయం చేసుకోవడానికి ఇంకొంచెం గీకి తడి సున్నంతో అరచేతిలో కాకుండా చెంచాలో నలపండి, ఘాటు వాసన వస్తే అనుమానం లేదు.

స్ట్రువైట్ అంటే మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేటు మూడూ బరువులో కాకుండా అణువుల లెక్కన సమపాళ్లలో కలిసి గట్టిపడిన స్ఫటికం. మీ పైపు మూసుకుపోయింది మంచి ఎరువుతో. అందులో నత్రజని 5.7 శాతం, భాస్వరం ఎరువుల సంచి మీద రాసే లెక్కలో 29 శాతం, మెగ్నీషియం దాదాపు 10 శాతం. నీటిలో నిదానంగా కరుగుతుంది కాబట్టి వానకు కొట్టుకుపోదు, వేళ్లను కాల్చదు. మలుపుల్లో, పంపు దగ్గర ఎక్కువ పేరుకోవడానికి కారణముంది. అక్కడ ఒత్తిడి మారి, స్లర్రీ సుడి తిరిగి, కరిగి ఉన్న బొగ్గుపులుసు వాయువు బయటపడుతుంది. సోడా సీసా మూత తీసినట్టే. అది పోగానే పీహెచ్ పెరుగుతుంది, 8 దాటితే స్ఫటికాలు కడతాయి. పైపును ఐదు శాతం నిమ్మ ఉప్పు నీళ్లతో రాత్రంతా నింపి ఉంచి మర్నాడు కడగండి. స్లర్రీ ఉన్న చోట ఆమ్లం పోస్తే విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ లేస్తుంది, కాబట్టి ముందు మంచినీళ్లతో పూర్తిగా కడిగి, ఆరుబయట చేయండి.

దీన్ని కావాలని తయారు చేయవచ్చా అంటే, చేయవచ్చు. వడగట్టిన స్లర్రీ లీటరులో కరిగిన భాస్వరం 100 మిల్లీగ్రాములు ఉందనుకుంటే, పది లీటర్లకు 10 గ్రాముల ఎప్సమ్ సాల్టు (మెగ్నీషియం సల్ఫేటు) వేసి, అక్వేరియం పంపుతో గాలి ఊదుతూ పీహెచ్ 8.5 నుంచి 9 మధ్యకు తెచ్చి, అరగంట మెల్లగా కలిపి, రెండు గంటలు కదపకుండా ఉంచితే అడుగున తెల్లని ఇసుకలా దిగుతుంది. నేత బట్టలో వడకట్టి నీడన ఆరబెట్టాలి, ఎండలో కాచినా పొయ్యి మీద వేడి చేసినా అమ్మోనియా పోతుంది. ఎంత బాగా జరిగినా ఎనిమిది గ్రాములకు మించదు. నీటిలో సున్నం ఎక్కువుంటే స్ఫటికాలకు బదులు కాల్షియం ఫాస్ఫేటు బురద మిగులుతుంది, మన బోర్ల నీళ్లతో ఎక్కువగా జరిగేది ఇదే. ఒక్కటి గమనించండి: ఆ ఎనిమిది గ్రాముల్లో నత్రజని అర గ్రాము కూడా ఉండదు, మిగతాదంతా నీళ్లలోనే ఉంటుంది. కాబట్టి ఇది భాస్వరం పట్టే పద్ధతే గానీ నత్రజని పట్టేది కాదు. పక్కనే పొలముంటే స్లర్రీని నేరుగా పెట్టడమే లాభం. పొలం లేక, స్లర్రీ దూరం తోలాల్సిన పెద్ద ప్లాంట్లకే స్ట్రువైట్ తీయడం గిట్టుతుంది.

ప్రశ్న: లేయర్ కోళ్ల పెంట తెచ్చి టమాటకు వేస్తే మొక్కలు మాడిపోయాయి. – చేవెళ్ల

పచ్చిది వేశారు. కోడి మూత్రం విడిగా పోయదు, యూరిక్ ఆమ్లంగా పెంటలోనే వదులుతుంది. అందుకే ఎండిన కోళ్ల పెంటలో నత్రజని మూడు శాతం దాకా ఉంటుంది. తడి తగలగానే అమ్మోనియా ఒక్క ఉదుటున లేచి లేత వేళ్లను కాలుస్తుంది, ఉప్పులు తోడవుతాయి. వరిగడ్డి ముక్కలతోనో, ఎండుటాకులతోనో కలిపి రెండు నెలలు మాగనివ్వండి. ఊక వాడితే అది త్వరగా కుళ్లదు, గాలి ఆడటానికి తప్ప కర్బనానికి పనికిరాదు. ఎకరానికి రెండు టన్నులు మించకుండా, నాటడానికి మూడు వారాల ముందు చల్లి దున్నండి. దానితోనే 60 కిలోల నత్రజని చేరుతుంది కాబట్టి యూరియా ఆ మేరకు తగ్గించాలి. ఏటా అదే చేలో వేస్తే భాస్వరం పేరుకుపోతుంది, జింకు అందదు. రెండేళ్లకోసారి మట్టి పరీక్ష చేయించి, భాస్వరం ఎక్కువని వస్తే ఒకటి రెండు పంటలు మానేయండి.

ప్రశ్న: జీవామృతం పోస్తే వేరే ఎరువు అవసరం లేదా? – వికారాబాద్

లెక్క చూద్దాం. ఎకరానికి పోసే 200 లీటర్లలో 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల పప్పు పిండి, 2 కిలోల బెల్లం. పేడ నుంచి 40 గ్రాములు, మూత్రం నుంచి 80 నుంచి 100, పిండి నుంచి 70. మొత్తం కలిపి 200 గ్రాముల నత్రజని. పది సార్లు పోసినా రెండు కిలోలే. అది సూక్ష్మజీవులకు తోడు, పంటకు అన్నం కాదు. పశువుల ఎరువు, పచ్చిరొట్ట, పప్పు జాతి పంట మార్పిడి ఉన్న నేలలో దాన్ని వాడుకోండి. అవి లేకుండా ఇదొక్కటే నమ్ముకుంటే నేలలో ఉన్న నిల్వే కరుగుతుంది.

ప్రశ్న: గుడ్డు పెంకుల పొడి వేస్తే మొక్కలకు భాస్వరం వస్తుందా? – మల్కాజిగిరి

రాదు. పెంకులో దాదాపు 95 శాతం కాల్షియం కార్బొనేటు, అంటే సున్నపురాయే. బోరు నీళ్లు పోసే కుండీల్లో సున్నం ఇప్పటికే ఎక్కువుంటుంది, అక్కడ అది కరగదు కూడా. భాస్వరం కావాలంటే ఎముకల పొడి, అదీ కంపోస్టులో కలిపి మాగబెట్టాక.

ప్రశ్న: ఎండాకాలం వానపాములు తొట్టి గోడలెక్కి పారిపోతున్నాయి. – పటాన్‌చెరు

లోపలి వేడి 35 డిగ్రీలు దాటి ఉంటుంది, లేదా పచ్చి పేడ వేసి ఉంటారు. పేడను ముందు 15 నుంచి 20 రోజులు నీడన చల్లారనిచ్చి, తిరగేసి, చెయ్యి పెడితే వేడి తగలనప్పుడే తొట్టిలో వేయాలి. మేత ఒక్కో విడతకు మూడు నాలుగు అంగుళాలు మించితే తొట్టిలోనే వేడెక్కుతుంది. పైన తడి గోనె సంచులు, దాని పైన రెండడుగుల ఎత్తున తాటాకుల పందిరి వేసి, మే నెలలో పొద్దునా సాయంత్రం నీళ్లు చిలకరించండి. పోయకండి, అడుగున నీళ్లు నిలిస్తే అప్పుడూ పారిపోతాయి. అడుగు రంధ్రం నుంచి కారే నల్లని నీళ్లను పారబోయకుండా పట్టి, పదింతలు నీళ్లు కలిపి మొక్కలకు పోయండి, కరిగిపోయే పొటాష్ అందులోనే వస్తుంది.